సరీసృపాల ప్రదర్శన పెట్టాలనుకుంటున్నారా? విజయవాడ, గుంటూరుల్లో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం వస్తోందంటే మాకు ఫోన్లు మొదలవుతాయి. స్కూలు సైన్స్ ఫెయిర్ వాళ్ళు, కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంట్ వాళ్ళు, పెట్ షో పెట్టేవాళ్ళు, ఒక్కోసారి పుట్టినరోజు పార్టీ వాళ్ళు కూడా చేస్తారు. “పాముల్ని తెస్తారా అండీ? పిల్లలు పట్టుకోవచ్చా? ఎంత తీసుకుంటారు?” అనే మూడు ప్రశ్నలు అందరివీ. జంతువుకు ఏమవుతుంది, పర్మిషన్ ఎవరిస్తారు అని అడిగేవాళ్ళు తక్కువ. అందుకే అడిగినవాటికీ, అడగాల్సినవాటికీ ఇక్కడే జవాబులు రాసి పెట్టాం. పుట్టినరోజు పార్టీలకు మేం రాము, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాం.

పాములాటకీ, మీరు పెట్టే ప్రదర్శనకీ తేడా ఏమిటి?

బుట్టలోంచి లేచిన తాచు నాగస్వరానికి ఆడుతోందని చిన్నప్పటి నుంచీ విన్నాం. అది ఆడదు. ఎదురుగా ఊగే బూర తన మీదికి వస్తుందేమోనని పడగ విప్పి కాచుకుంటుంది, అంతే. ఆ బుట్టలో పాముకు చాలాసార్లు కోరలు పీకేసి ఉంటాయి. కొన్నిటికి మూతి కుట్టేస్తారు. నోరు చీము పట్టి, తినలేక, నీళ్ళు లేక చచ్చిపోతుంది. దాని స్థానంలో ఇంకో పాము వస్తుంది.

పాములు పట్టే కుటుంబాలను తిట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్ళకున్న పరిజ్ఞానం చాలా పెద్దది. తమిళనాడులో పాములు పట్టే ఇరుళ గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. ప్రభుత్వ అనుమతితో పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. మన ఆసుపత్రుల్లో పాము కాటుకు విరుగుడుగా ఎక్కించే యాంటీవీనమ్ తయారీకి చాలావరకు ఆ విషమే ఆధారం. అదే చెయ్యి, అదే నేర్పు. ఎందుకు వాడుతున్నామన్నదే తేడా.

మా ప్రదర్శనలో జంతువు ఏ విన్యాసమూ చెయ్యదు. దాని పెట్టెలో అది ఉంటుంది, దాక్కోవాలంటే దాక్కుంటుంది. మేం పక్కన నిలబడి మాట్లాడతాం.

నాగుపామునో, రక్తపింజరనో తెచ్చి చూపిస్తే జనానికి బాగా అర్థమవుతుంది కదా?

ఈ ప్రశ్నకు జవాబు ఒక్క మాట: కుదరదు. కారణాలు రెండు.

మొదటిది చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువును పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో నాగుపాము, రక్తపింజరే కాదు, మన పొలాల్లో ఎలుకల్ని తినే జెర్రిపోతు, చెరువు గట్టున కనిపించే నీరుకట్టె కూడా మొదటి షెడ్యూలులోకి, అంటే చట్టం అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలోకి చేరాయి. కొండచిలువ, ఉడుము, నక్షత్ర తాబేలు అంతకుముందు నుంచే రక్షిత జాబితాలో ఉన్నాయి. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో నేరం రుజువైతే కనీసం 3 ఏళ్ళ నుంచి 7 ఏళ్ళ దాకా జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. ఇలాంటి అడవి జంతువుల్ని జనానికి చూపించే ఏర్పాటు ఏదైనా, లారీలో తిరిగేదైనా సరే, చట్టం దృష్టిలో ‘జూ’యే. కేంద్ర జూ అథారిటీ గుర్తింపు లేకుండా అది నడపకూడదు.

రెండోది ప్రమాదం. నూరుమంది పిల్లలున్న హాల్లో విషసర్పాన్ని కొక్కెం కర్ర మీద ఎత్తి చూపించడానికి ఎంత అనుభవం ఉన్నా చాలదు. అనుభవం ఉన్నవాళ్ళే కాటుకు గురై చనిపోయిన వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం.

విషసర్పాల గురించి చెప్పాలంటే పెద్ద ఫోటోలు, నిజం సైజులో చేయించిన బొమ్మలు, కుబుసాలు చాలు. గుంటూరులో ఒక స్కూల్లో మేం కుబుసం ఒకటే తీసుకెళ్ళాం. అయిదో తరగతి పాప దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూస్తూ, “సార్, కళ్ళు కూడా ఊడొచ్చాయి!” అని అరిచింది. నిజమే, పాముకు రెప్పలుండవు. కంటి మీద అద్దంలాంటి పొలుసు ఉంటుంది, కుబుసంతో పాటు అదీ ఊడుతుంది. ఆ తర్వాత అరగంట సేపు క్లాసులో పిల్లలంతా ఆ రెండు చిన్న గుండ్రటి పొరల్నే చూశారు. బతికున్న తాచు ఉంటే వాళ్ళు అంత దగ్గరికి వచ్చేవాళ్ళే కాదు.

స్నేక్ క్యాచర్లు పట్టిన పామును మా హాలుకు తెచ్చి డెమో ఇస్తామంటున్నారు. సరేననమంటారా?

వద్దు. ఇంట్లో దూరిన పామును పట్టిన తర్వాత దాని దారి ఒక్కటే: అటవీ శాఖకు చెప్పడం, దగ్గర్లో దానికి సరిపడే చోట వీలైనంత త్వరగా వదిలెయ్యడం. మధ్యలో స్టేజీ ఎక్కించడం, డబ్బాలో రెండు రోజులు దాచిపెట్టడం, తోక పట్టుకుని వీడియో తియ్యడం ఇవన్నీ తప్పులే. ఆ రెస్క్యూ చేసే అబ్బాయిల్ని పిలవండి, తప్పకుండా పిలవండి. పాము లేకుండా పిలిచి, వాళ్ళ అనుభవాలు చెప్పించండి. జనం కదలకుండా వింటారు.

మరి ఏ జంతువుల్ని చూపించవచ్చు?

బందీగా పుట్టి పెరిగిన, కాగితాలున్న విదేశీ జాతులు. బాల్ పైథాన్, కార్న్ స్నేక్, లెపర్డ్ గెకో, బియర్డెడ్ డ్రాగన్, ఇగ్వానా ఎక్కువగా కనిపిస్తాయి. బాల్ పైథాన్, ఇగ్వానా లాంటివి అడవి జంతువుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. ఇలాంటివాటిని పెంచేవాళ్ళు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా చెప్పాలి. మీ ప్రదర్శనకు జంతువును తెచ్చేవాళ్ళను ముందుగా ఆ నమోదు కాగితం అడగండి. “ఉందండీ, ఇంట్లో ఉంది” అంటే ఆ జంతువు కూడా ఇంట్లోనే ఉండాలి.

విదేశీ విషసర్పాలు మాత్రం ఎన్ని కాగితాలున్నా ఒప్పుకోవద్దు. మన దేశంలో దొరికే యాంటీవీనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికే తయారైంది. వేరే దేశపు పాము కరిస్తే విజయవాడలోనే కాదు, దేశంలో ఎక్కడికి పరుగెత్తినా దానికి తగ్గ మందు దొరకడం కష్టం.

నక్షత్ర తాబేలుకు వాస్తు అనీ, రెండు తలల పాముకు కోట్లు అనీ ఎవరైనా స్టాల్ పెడతామంటే వెంటనే అటవీ శాఖకు ఫోన్ చెయ్యండి. రెండు తలల పాముకు ఉండేది ఒకటే తల. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది. ఆ భ్రమ మీద ఎంతమంది అప్పులపాలయ్యారో, ఎన్ని అమాయకపు పాములు చచ్చాయో తలుచుకుంటే బాధేస్తుంది.

అనుమతులు ఎవరి దగ్గర తీసుకోవాలి?

ముందుగా మీ జిల్లా అటవీ అధికారి ఆఫీసుకు వెళ్ళి, ఏ జాతులు, ఎన్ని, ఎక్కడ, ఎన్ని రోజులు అన్నది రాతపూర్వకంగా ఇవ్వండి. టికెట్ పెట్టి జంతువుల్ని చూపిస్తే జంతుహింస నివారణ చట్టం, 1960 కింద ప్రదర్శన జంతువుల రిజిస్ట్రేషన్ కూడా అవసరం, అది జంతు సంక్షేమ బోర్డు చూస్తుంది. హాలు వాళ్ళకు, స్థానిక పోలీస్ స్టేషన్‌కు, మున్సిపాలిటీకి మామూలుగా ఇచ్చే కాగితాలు ఎలాగూ ఉంటాయి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మా మాట మీదే ఆగిపోకుండా ఆఫీసులో ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి.

వేసవి సెలవుల్లో పెడితే జనం బాగా వస్తారు. పెట్టొచ్చా?

విజయవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. మే నెలలో 42, 43 డిగ్రీలు మనకు మామూలే. మనకు చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. సరీసృపాలకు చెమట పట్టదు. ఒళ్ళు వేడెక్కితే నీడకు పాకడం, చల్లబడితే ఎండకు రావడం, వాటికి తెలిసిన ఉపాయం అదొక్కటే. పెట్టెలో ఉన్నదానికి పాకడానికి చోటేది?

మేం ఒకసారి ఆ తప్పు చేశాం. మే నెల, విజయవాడలో ఒక ఫంక్షన్ హాలు. ఏసీ ఉందన్నారు, జనరేటర్ ఉందన్నారు. మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. జనరేటర్ వేస్తే లైట్లు, ఫ్యాన్లు తిరిగాయి కానీ ఏసీలు లేవలేదు. ఏసీకి ఆ లైను ఇవ్వలేదట, మేం అడగలేదు. పెట్టెలోని థర్మామీటర్ 28 నుంచి కదలడం మొదలుపెట్టింది. ముప్పావు గంటలో 34 దాటింది. బాల్ పైథాన్ నీళ్ళ గిన్నెలో మొత్తం ఒళ్ళంతా ముడుచుకుని, ముక్కు ఒక్కటే పైకి పెట్టుకుంది. బయట క్యూలో ఇంకా అరవైమంది ఉన్నారు. మేం మైకులో క్షమాపణ చెప్పి, టికెట్ డబ్బులు వెనక్కిచ్చి, రెండు కార్లలో ఏసీ వేసుకుని జంతువుల్ని తీసుకెళ్ళిపోయాం. అన్నీ బతికాయి. ఆ రోజు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అప్పటినుంచి నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకానే పెడుతున్నాం. హాలు మాట్లాడుకునేటప్పుడు “జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా?” అని అడిగి ఊరుకోం, ఒకసారి మెయిన్ ఆపించి చూస్తాం. బాల్ పైథాన్ పెట్టెలో వెచ్చని మూల 31–33 డిగ్రీలు, చల్లని మూల 26 దగ్గర ఉండాలి. ప్రతి పెట్టెలో థర్మామీటర్ ఉంటుంది, గంటకొకసారి ఒకరు తిరిగి రాసుకుంటారు. చలికాలం ఉదయాల్లో అయితే ఎదురు సమస్య, హీట్ ప్యాడ్ కావాలి. హీట్ ప్యాడ్‌కు వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకపోతే అసలు పెట్టకండి, కింద పొట్ట కాలిపోతుంది. పాము అక్కడి నుంచి జరుగుతుందిలే అనుకోకండి, చాలాసార్లు జరగదు.

గుంటూరు నుంచి విజయవాడకు ఎలా తేవాలి?

గాలి ఆడే గుడ్డ సంచిలో పెట్టి, మూతి కట్టి, ఆ సంచిని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, డబ్బాకు గాలి రంధ్రాలు, తాళం. పైన జాతి పేరు, తెచ్చిన మనిషి ఫోన్ నెంబరు. బైకు మీద వద్దు, బస్సులో వద్దు. కారు ఆపి టీ తాగడానికి దిగేటప్పుడు అద్దాలు మూసి జంతువును లోపల వదలొద్దు. ఎండలో ఆపిన కారు పది నిమిషాల్లో పొయ్యి అవుతుంది.

పిల్లలు ముట్టుకోవచ్చా?

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. సరీసృపాలు ఆరోగ్యంగా కనిపిస్తున్నా వాటి పేగుల్లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. రెట్టతో పాటు బయటికొచ్చి ఒంటికి, పెట్టెకు, నీళ్ళ గిన్నెకు అంటుకుంటుంది. పెద్దవాళ్ళకు విరేచనాలు, జ్వరంతో పోవచ్చు, చిన్నపిల్లలకు ప్రమాదం కావచ్చు. అమెరికాలో నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ళను అమ్మకూడదని 1975లోనే నిషేధం పెట్టారు. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని జబ్బు పడడమే కారణం.

అయిదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు, అరవై అయిదు దాటినవాళ్ళు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళు ముట్టుకోవద్దు. మిగతావాళ్ళకు మేం ఒక్క జంతువునే, నెమ్మదైనదాన్ని, మా మనిషి చేతిలో ఉంచి, వెనుక భాగాన్ని రెండు వేళ్ళతో నిమరనిస్తాం. తలవైపు చెయ్యి రానివ్వం. ఆ వెంటనే కుళాయి దగ్గరికి. సబ్బుతో 20 సెకన్లు కడిగాకే బయటికి దారి. సబ్బూ నీళ్ళూ ఉన్న చోట శానిటైజర్‌తో సరిపెట్టం. చేతులు కడుక్కునే చోటు లేని హాలులో ముట్టుకునే కార్యక్రమం ఉండదు. మిరపకాయ బజ్జీల స్టాలు ప్రదర్శన గది పక్కనే పెట్టొద్దని మేం పదేపదే చెప్పేది అందుకే.

మెడలో వేసుకుని ఫోటో?

లేదు. మెడలో వేస్తే పాముకు ఆసరా దొరకదు, భయంతో బిగుసుకుంటుంది. ఫోటో పేరుతో ఒకే జంతువు రోజుకు వంద చేతులు మారుతుంది. ఇక్కడ మాతో చాలామందికి మాట తేడా వచ్చింది, “ఫోటో లేకపోతే జనం ఎందుకొస్తారు?” అంటారు. పెట్టె పక్కన నిలబడి తీసుకోండి, ఫ్లాష్ ఆపి.

జంతువు ఇబ్బంది పడుతోందని ఎలా తెలుస్తుంది?

అది అరవదు, అదే ఇబ్బంది. చూసి తెలుసుకోవాలి. బాల్ పైథాన్ తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటే, దానికి ఇక చాలని అర్థం. బియర్డెడ్ డ్రాగన్ గడ్డం కింద నల్లబడుతుంది. ఇగ్వానా ఒళ్ళు ఉబ్బించి తోక పక్కకు తిప్పిందంటే కొట్టబోతోంది, ఆ తోక దెబ్బ చురుక్కుమంటుంది. లెపర్డ్ గెకో తోక ఊపడం మొదలుపెడితే వదిలెయ్యాలి, బాగా భయపడితే తోకే వదిలేస్తుంది. నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం, ముక్కు దగ్గర నురగ, గాజుకు ముక్కు రాసుకుంటూ ఆగకుండా తిరగడం ఇవన్నీ వెనక్కి తీసుకెళ్ళాల్సిన గుర్తులు.

ఒక జంతువు చేతిలో ఉండేది పదిహేను నిమిషాలకు మించదు, ఆ తర్వాత కనీసం గంట విశ్రాంతి, రోజుకు మూడుసార్లే. వెనుక గదిలో చీకటిగా, నిశ్శబ్దంగా ఉండే చోటు ఉండాలి. డీజే ఉంటే మేం రాము. పాముకు బయటికి చెవి కనిపించకపోయినా నేల అదురు ఒళ్ళంతా తెలుస్తుంది.

కుబుసం విడిచే ముందు పాము కళ్ళు పాలు కలిపినట్టు నీలంగా మారతాయి. అప్పుడు దానికి చూపు సరిగా ఉండదు, చిరాకు ఎక్కువ. అలాంటిదాన్ని ప్రదర్శనకు తేవద్దు.

ఎలుకను వేసి తినడం చూపిస్తారా?

చూపించం. మేత పెట్టిన తర్వాత కనీసం 48 గంటలు పామును కదిలించకూడదు, కదిలిస్తే కక్కేస్తుంది. అదీగాక బతికున్న ఎలుక పామును కరిచి గాయపరుస్తుంది.

వేరే వేరే ఇళ్ళ నుంచి జంతువులు వస్తాయి. జబ్బులు అంటవా?

అంటుతాయి. అందుకే ఒకరి జంతువును ముట్టుకున్న చేత్తో ఇంకొకరిది ముట్టుకోం. హుక్కులు, గిన్నెలు ఎవరివి వాళ్ళవే. పొలుసుల మధ్య నల్లటి పురుగులు పాకుతున్నా, ముక్కు కారుతున్నా గుమ్మం దగ్గరే వెనక్కి పంపుతాం. తిరిగి ఇంటికెళ్ళాక కూడా మిగతావాటికి దూరంగా కొన్ని వారాలు ఉంచాలి. అనుమానం ఉంటే గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడికి తీసుకెళ్ళి చూపించండి.

ఒకవేళ కరిస్తే?

ప్రదర్శనలోని విషం లేని పాము కరిస్తే సబ్బుతో బాగా కడిగి, డాక్టర్‌కు చూపించి, టీటీ ఇంజెక్షన్ అవసరమా అని అడగండి. పట్టు వదలకపోతే లాగకండి, పళ్ళు లోపల విరుగుతాయి. మా వాళ్ళు చూసుకుంటారు.

ఈ సందర్భంగా ప్రతి ప్రదర్శనలోనూ అసలు పాము కాటు గురించి పది నిమిషాలు తప్పకుండా చెబుతాం. దేశంలో 2000 నుంచి 2019 వరకు పాము కాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని అంచనా. 2018లో మన దివిసీమలో వరుస కాట్లతో జనం ఎంత హడలిపోయారో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వరి కోతలకు, పత్తి తీతకు వెళ్ళే ఇళ్ళ పిల్లలు మా ముందు కూర్చుని ఉంటారు. వాళ్ళకు చెప్పేది ఇది. కరిస్తే ఉంగరాలు, గాజులు, మెట్టెలు, వాచీ తీసెయ్యాలి. కరిచిన కాలిని లేదా చేతిని కర్ర ఆసరాతో కదలకుండా ఉంచాలి. తాడుతో బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రగాడి దగ్గర ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోవద్దు. 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. పామును పట్టడానికి వెతకొద్దు. కట్లపాము రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పి దాదాపు తెలియదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ రెప్పలు వాలిపోతుంటే గ్యాస్ ట్రబుల్ అనుకుని కూర్చోకూడదు.

జంతువు తప్పించుకుంటే ఏం చెయ్యాలి?

తలుపులు మూసి, జనాన్ని నెమ్మదిగా ఒకే దారిన పంపి, వెతకాలి. కుర్చీల కింద, గోడ మూలల్లో, వెచ్చగా ఉండే వైర్ల దగ్గర ముందు చూడండి. తెరవక ముందు, మూశాక లెక్క చూసుకునే పద్ధతి ఉంటే ఈ పరిస్థితి దాదాపు రాదు.

ప్రదర్శనలో జంతువుల్ని అమ్మొచ్చా?

మేం ఒప్పుకోం. ముచ్చటపడి ఆ క్షణంలో కొన్నవాళ్ళు ఆర్నెల్లకు విసుగెత్తి చెరువులో వదులుతారు. విదేశీ జాతి అయిన ఎర్రచెవుల తాబేలు మన చెరువుల్లోకి చేరింది అలాగే. మన స్థానిక తాబేళ్ళ తిండి, చోటు అది లాక్కుంటోంది. పెంచుకోవాలని నిజంగా ఉన్నవాళ్ళకు ఎంత ఖర్చు, ఎన్నేళ్ళు, ఏ కాగితాలు అన్నది కూర్చోబెట్టి చెబుతాం. బాల్ పైథాన్ సరిగా చూసుకుంటే 20, 30 ఏళ్ళు బతుకుతుంది. ఆ మాట విన్నాక చాలామంది ఆలోచించుకుంటామని వెళ్ళిపోతారు.

నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం. పాము తాగదంటే మా అమ్మమ్మ ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

అమ్మమ్మతో వాదన పెట్టుకోకండి. దణ్ణం పెట్టడం, పుట్టను తవ్వకుండా కాపాడడం ఎంత మంచి అలవాటో ముందు చెప్పండి. పాముకు పాలు అరగవు, నీళ్ళు దొరక్క దాహంతో ఉన్నప్పుడు మాత్రమే తాగుతుంది, తాగితే జబ్బు పడుతుంది. పుట్ట పక్కన ఒక చిన్న గిన్నెలో పాలు నైవేద్యం పెట్టి, ఇంటికి తెచ్చుకుని ప్రసాదంగా తీసుకోమని చెప్పి చూడండి. మా ఇంట్లో పెద్దావిడ ఆ మాటకే ఒప్పుకున్నారు.

ప్రదర్శన అయిపోయాక జంతువుల్ని ఏం చేస్తారు?

అదే రోజు రాత్రి ఎక్కడివి అక్కడికి చేరుస్తాం. మర్నాడు బరువు చూస్తాం. వారం దాకా చేతిలోకి తియ్యం. రెండు రోజుల తర్వాత మేత పెడతాం, తినకపోతే ఇంకో నాలుగు రోజులు ఆగి మళ్ళీ పెడతాం. తిన్న తేదీ రిజిస్టర్‌లో పడే దాకా ఆ జంతువు పేరు తర్వాతి ప్రదర్శన జాబితాలో రాయం.